ధాత కరువు - ఒంగోలు క్లౌ దొరగారు

ఒంగోలు ప్రాంతంలో పాతతరం వారు క్లౌ దొర అని చెప్పుకునే రెవరెండ్ జాన్ ఎవరెట్ క్లౌ గారు 1836లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో జన్మించారు. బోధకుడు కాకముందు ఆయన సర్వే పని చేసినవారు. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. 1865లో నెల్లూరు చేరి, మరుసటి ఏడు భార్య హారియెట్ గారితో ఒంగోలులో కాపురం పెట్టారు. అప్పటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిది.

మొదట పైకులాల పిల్లలు ఆయన బడికి వచ్చారు. మాదిగలను చేర్చుకుంటే మేము రామని పెద్దలు కచ్చితంగా చెప్పేశారు. ఆ రాత్రి భార్యాభర్తలు వేర్వేరుగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం కనిపించిందట. లోకం తక్కువగా చూసినవారినే దేవుడు ఎన్నుకున్నాడని కొరింథీయుల పత్రికలో ఉన్న మాటలవి. బడి ఖాళీ అయింది. 1867 జనవరిలో దొరగారు పడమటి పల్లెలకు వెళ్ళి, తోళ్ళ వ్యాపారి యర్రగుంట్ల పేరయ్య గారి ఊళ్ళో 28 మందికి బాప్తిస్మమిచ్చారు. చచ్చిన గొడ్డు మాంసం తినం, జాతరలో డప్పు కొట్టం అన్నందుకు విశ్వాసులు కరణాల, మునసబుల చేతుల్లో పడిన బాధలు తక్కువ కావు.

1876లో వానలు లేవు. ధాత కరువు వచ్చింది. మద్రాసు రాజధానిలో లక్షల మంది ఆకలితో, జ్వరాలతో, కలరాతో పోయారు. సర్కారు కరువు పనులుగా బకింగ్‌హాం కాలువ తవ్వించింది. పాత సర్వేయరు క్లౌ గారు అందులో మూడున్నర మైళ్ళు కంట్రాక్టు తీసుకున్నారు. లాభం కోసం కాదు, కూలి దొరకని పేదలకు పని చూపడానికి. నూరేసి మంది కూలీలకు ఒక బోధకుడు మేస్త్రీ. పొద్దంతా మట్టి తవ్వించడం, విశ్రాంతి వేళ పక్కన కూర్చుని ప్రయాసపడేవారిని పిలిచిన క్రీస్తును గురించి చెప్పడం వారి పని. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులు, ఊరు విడిచి వచ్చిన ముసలివాళ్ళు ఆ మాటలు విన్నారు.

కూటి కోసం మతం పుచ్చుకున్నారని నేటికీ కొందరంటారు. ఏళ్ళ తరబడి మస్టర్లు, తేదీలు చూసినవాణ్ణి గనుక నేను తేదీలే చూస్తాను. కరువు సాయం నడిచినంత కాలం, అంటే సుమారు 15 నెలలు, ఎందరు అడిగినా దొరగారు ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సాయం ఆగింది, ఇక డబ్బు లేదని చెప్పించారు. అయినా జనం కదలలేదు. మాకు కూడు వద్దు, బాప్తిస్మం కావాలన్నది వారి పట్టు.

1878 జులై 3న గుండ్లకమ్మ రేవు వెలంపల్లి వద్ద 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకుంటూ నీళ్ళలో నిలబడ్డారు. ఎండవేళ కాసేపు ఆపి, సాయంత్రానికి ముగించారు. 1910లో మరణించిన క్లౌ గారి పేరు ఆ రోజుతోనే ముడిపడింది గాని, ఆనాడు ఆయన ఏర్పాట్లు చూస్తూ ఉండిపోయారు, తన చేతులతో ఒక్కరినీ ముంచలేదు.