గిరిడీలో ఆగిన అన్వేషణ
ఆదిత్యపూర్ అనగానే ఫ్యాక్టరీలే గుర్తొస్తాయి. అదే జార్ఖండ్‌లో, ఉత్తరాన గిరిడీలో, 1937 నవంబర్ 23న జగదీశ్ చంద్రబోస్ కన్నుమూశారు. 1858లో పుట్టిన ఈ భౌతికశాస్త్రవేత్త రేడియో తరంగాలతో పేరు తెచ్చుకుని, మొక్కల వైపు మళ్లారు. ముట్టుకుంటే ముడుచుకునే అత్తిపత్తిలో విద్యుత్ సంకేతాలు ప్రయాణిస్తాయని కొలిచి చూపారు. లండన్‌లోని శరీరధర్మ శాస్త్రవేత్తలు చాలాకాలం ఒప్పుకోలేదు. రాయల్ సొసైటీ ఫెలోషిప్ 1920లో గానీ రాలేదు. మొక్కలకూ మనలాంటి నాడీవ్యవస్థే ఉందనడంలో మాత్రం ఆయన హద్దు దాటారనే చెప్పాలి. సంకేతాలు నిజమే, నాడులూ మెదడూ లేవు. ఈ వాదన హోరులో మరుగునపడిన పని ఇంకొకటుంది. ఎండ తగిలిన హైడ్రిల్లా అనే నీటిమొక్క వదిలే ఆక్సిజన్‌ను, అంటే మనం పీల్చే ప్రాణవాయువునే, బుడగ బుడగగా నమోదు చేసే పరికరాన్ని తయారుచేశారు. కిరణజన్య సంయోగక్రియపై ఆయన పుస్తకం 1924లో వెలువడింది.