మోక్షగుండం విశ్వేశ్వరయ్య – మూసీ వరద

మోక్షగుండం విశ్వేశ్వరయ్య 1861 సెప్టెంబరు 15న మైసూరు సంస్థానంలోని ముద్దేనహళ్ళిలో జన్మించారు. పూర్వీకులది ఆంధ్రదేశంలోని మోక్షగుండం గ్రామం. బొంబాయి ప్రభుత్వంలో ఇంజనీరుగా పేరు గడించి, ఉద్యోగం విరమించి, విదేశాలలో పర్యటిస్తుండగా ఆయనకు నిజాం ప్రభుత్వం నుండి పిలుపు వచ్చింది.

1908 సెప్టెంబరు 28న మూసీనది హైదరాబాదును ముంచెత్తింది. తీరంలోని ఇళ్ళు వేల సంఖ్యలో నేలమట్టమయ్యాయి. సుమారు పదిహేనువేల మంది మరణించారని అంచనా. అఫ్జల్‌గంజ్ వద్ద ఒక చింతచెట్టెక్కి ప్రాణాలు దక్కించుకొన్నవారే నూటయాభైమంది అంటారు.

1909లో హైదరాబాదు చేరిన విశ్వేశ్వరయ్య, నగరాన్ని ఎలా తిరిగి కట్టాలనే ప్రశ్నకు సమాధానం నగరానికి ఎగువన వెదికారు. పరీవాహక ప్రాంతమంతటా కురిసిన వాన లెక్కలను సేకరించారు. అక్కడి 788 చెరువులలో 221 తెగిపోయినట్లు తేలింది. కట్టలు ఒకదాని వెంట ఒకటి తెగి, ఆ నీరంతా నదిలో చేరడంతో వరద మరింత ఉధృతమైంది. ఆయన ప్రతిభ ఆనకట్టలలో కంటె ఈ లెక్కలలోనే ఎక్కువగా కనబడుతుంది.

మూసీపైన, దాని ఉపనది ఈసీపైన జలాశయాలు నిర్మించి వరదను ఎగువనే నిలపాలని ఆయన సూచించారు. నగరంలో గట్లను ఎత్తుచేసి, తీరం వెంట ఇళ్ళకు బదులు ఉద్యానాలు, బాటలు ఏర్పరచాలన్నారు.

ఆ ఏడాదే మైసూరు చీఫ్ ఇంజనీరుగా వెళ్ళిన ఆయన, 1912లో దివాన్ అయ్యారు. 1955లో భారతరత్న పొంది, 1962లో కన్నుమూశారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరద కోసం తలపెట్టిన ఆ జలాశయాలు నగరానికి మంచినీటిని కూడా అందించాయి.