ఫ్లారెన్స్ నైటింగేల్ - వార్డును నడిపిన తీరు

మీరెప్పుడైనా ఆసుపత్రిలో రోగికి తోడుగా ఒక రాత్రి గడిపారా? అయితే ఈ సంగతి గమనించే ఉంటారు. ఒక వార్డులో పిలిస్తే నర్సు వస్తుంది, తడిసిన దుప్పటి మారుస్తారు, గంజి వేడిగా అందుతుంది. పక్క వార్డులో మంచినీళ్ళకు కూడా మీరే పరుగెత్తాలి. మందులు రెండుచోట్లా అవే. చాలాసార్లు తేడా అక్కడి హెడ్ నర్సు పని చేయించే తీరులో ఉంటుంది. ఈ విషయాన్ని జీవితమంతా పట్టించుకున్న ఒక స్త్రీ గురించి ఈ పాఠంలో చదువుతారు. ఫ్లారెన్స్ నైటింగేల్ అనగానే చేతిలో దీపం ఉన్న బొమ్మ మీకు గుర్తుకు రావచ్చు. ఆ దీపాన్ని కాసేపు పక్కన పెడదాం.

ఆమె 1820 మే 12న ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో, ధనవంతులైన ఇంగ్లీషు దంపతులకు పుట్టింది. ఊరి పేరే ఆమెకు పెట్టారు. నర్సు పనిని ఆ రోజుల్లో గౌరవమైన పనిగా చూసేవారు కాదు. తల్లి, అక్క ఎంత వద్దన్నా వినక, 1851లో జర్మనీలోని కైజర్స్‌వర్త్‌లో శిక్షణ పొందింది. 1853లో లండన్‌లో స్త్రీల కోసం ఉన్న ఒక చిన్న ఆసుపత్రి బాధ్యత తీసుకుంది.

అక్కడ ఆమె కోరిన ఏర్పాట్లు చూడండి. ప్రతి అంతస్తుకూ గొట్టాల ద్వారా వేడినీళ్ళు రావాలి. భోజనం పైకి చేర్చడానికి లిఫ్టు ఉండాలి. రోగి గంట మోగిస్తే, ఎవరు మోగించారో నర్సుకు వెంటనే తెలియాలి. మెట్లెక్కి దిగడంలోనే నర్సు పొద్దంతా గడిచిపోతే రోగి దగ్గర ఎవరుంటారు? పని సరిగా జరగకపోతే నర్సును తిట్టడం తేలిక. ఆమె ముందుగా పనిలో ఉన్న అడ్డు తీసింది.

1854లో క్రిమియా యుద్ధం జరుగుతోంది. గాయపడిన బ్రిటిష్ సైనికులను టర్కీలోని స్కుటారి ఆసుపత్రికి తెచ్చేవారు. నవంబరులో ఆమె 38 మంది నర్సులతో అక్కడికి చేరింది. సైనిక డాక్టర్లకు వాళ్ళు రావడం ఇష్టం లేదు. డాక్టరు అడిగేదాకా ఎవరూ రోగిని ముట్టుకోవద్దని ఆమె తన నర్సులను ఆపింది. కళ్ళముందు బాధపడుతున్నవారుంటే కట్టుగుడ్డలు కుడుతూ కూర్చోవడమేమిటని కొందరు సణిగారు. కొద్ది రోజుల్లోనే గాయపడినవారు గుంపులుగా వచ్చిపడ్డారు, డాక్టర్లే పిలిచారు. అప్పుడు ఆమె నేల కడిగే బ్రష్షులు తెప్పించింది. ఒక ఇల్లు అద్దెకు తీసుకుని, సైనికుల భార్యలచేత బట్టలు ఉతికించింది. రోగులకు తగిన వంట వేరే చేయించింది. రాత్రి ఎనిమిది దాటాక తాను తప్ప ఏ స్త్రీ వార్డులోకి వెళ్ళకూడదని కట్టడి చేసింది. దీపంతో ఆమె ఒక్కతే కనిపించడానికి ఈ కట్టడి కూడా ఒక కారణం.

ఆమె పెత్తనం కొందరికి భరించరానిదిగా ఉండేది. తన అనుమతి లేకుండా డిసెంబరులో వచ్చిన రెండో జట్టును చేర్చుకోవడానికి మొదట ఒప్పుకోలేదు. అవసరం అంత ఉండగా ఈ పంతాన్ని మెచ్చుకోవడం కష్టం.

అంతకంటే పెద్ద సంగతి మరొకటి ఉంది. ఇంత శ్రమపడినా ఆ చలికాలంలో చావులు తగ్గలేదు. 1855 ఫిబ్రవరిలో నూటికి దాదాపు 42 మంది చనిపోయారు. ఆ భవనం కింద మురుగు నిలిచి ఉంది. మార్చిలో ప్రభుత్వం పంపిన పారిశుద్ధ్య సంఘం కాలువలు బాగుచేయించి, గాలి వచ్చే ఏర్పాటు చేయించింది. జూన్ నాటికి చావులు నూటికి రెండుకు పడిపోయాయి. ఆమె 1856లో ఇంగ్లండు తిరిగి వెళ్ళాక, గణాంక నిపుణుడు విలియం ఫార్‌తో కలిసి లెక్కలు వేసింది. తన ఆసుపత్రిలో పోయిన ప్రాణాలు ఎందుకు పోయాయో ఆ అంకెల్లో కనిపించింది. ఆ అంకెలను దాచుకోకుండా, రంగుల పటాలు గీయించి ప్రభుత్వం ముందు పెట్టింది.

తరువాత ఎక్కువకాలం జబ్బుతో మంచంమీదనే ఉంది. పని మాత్రం ఆగలేదు. 1860 నాటికి వెలువడిన నోట్స్ ఆన్ నర్సింగ్ పుస్తకంలో, ఇల్లయినా వార్డయినా నడిపే పద్ధతికి ఒక అధ్యాయమే కేటాయించింది. తానున్నప్పుడు జరిగే పని తాను లేనప్పుడు కూడా జరిగేలా చూడలేకపోతే, ఎంత మంచి సేవయినా చెడిపోతుందని అందులో వివరించింది. అన్నీ తానే చేసేవాళ్ళ వల్ల రోగికి ఇబ్బందే. ఆమె ఆ పక్కకు వెళ్ళగానే కిటికీ తెరిచేవారుండరు, తినని భోజనం మంచం పక్కనే ఉండిపోతుంది. స్కుటారిలో అన్నీ తన చేతిలో పెట్టుకున్న మనిషి ఈ మాట రాసిందని గమనించండి. 1860లోనే లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె పేరున నర్సుల శిక్షణాలయం మొదలయింది. అక్కడ చదివినవారు అనేక ఆసుపత్రులకు మేట్రన్లుగా వెళ్ళారు.

భారతదేశానికి ఆమె ఎన్నడూ రాలేదు. అయినా ఇక్కడి సైనిక కేంద్రాలన్నిటికీ ప్రశ్నపత్రాలు పంపి, నీళ్ళెక్కడివి, మురుగెటు పోతుంది అని అడిగింది. ఇక్కడ బ్రిటిష్ సైనికులు ఏటా వెయ్యికి 69 మంది చనిపోతున్నారని 1863 నివేదిక తేల్చింది. పదేళ్ళ తరువాత ఆ సంఖ్య 18కి తగ్గింది. మన ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్‌తో ఆమెకు ఉత్తరప్రత్యుత్తరాలు ఉండేవి. కరువులకు కాలువలే మందని ఇద్దరూ వాదించారు.

1910 ఆగస్టు 13న, 90వ ఏట ఆమె మరణించింది. వెస్ట్‌మినిస్టర్ ఆబేలో సమాధి చేస్తామంటే కుటుంబం వద్దన్నది. సొంత ఊరి చర్చి ఆవరణలో ఉన్న ఆమె రాతిమీద పూర్తి పేరు లేదు. రెండు పొడి అక్షరాలూ, పుట్టిన తేదీ, పోయిన తేదీ మాత్రమే ఉన్నాయి.