చెరసాలకు వెరవని రుఖ్మాబాయి

ఇల్లు ఆడుదానికి ఆశ్రయమని లోకం తలుస్తుంది. ఆ యిల్లే బలవంతపు బందిఖానా అయినప్పుడు ఆమెకు దిక్కెవరు? పందొమ్మిదవ శతాబ్ది చివరి పాదంలో బొంబాయి యువతి ఒకతె ఈ ప్రశ్నను న్యాయస్థానం ముంగిట నిలిపినది. ఆమెయే రుఖ్మాబాయి.

1864 నవంబరు 22వ తేదీన ఆమె బొంబాయిలో జన్మించినది. తండ్రి జనార్దన్ పాండురంగ్ ఆమె పసితనంలోనే గతించినాడు. తల్లి జయంతీబాయికి అప్పటికి పదునేడేండ్లు. వారి వడ్రంగి కులంలో వితంతు వివాహానికి నిషేధం లేదు. కొన్నేండ్ల పిమ్మట జయంతీబాయి, భర్త ఆస్తిని కూతురి పేర వ్రాసియిచ్చి, డాక్టరు సఖారాం అర్జున్‌ను పెండ్లాడినది. ఆయన వైద్యుడు, వృక్షశాస్త్రవేత్త, సంస్కారవంతుడు. సవతి తండ్రి అన్న మాటకు లోకం చెప్పుకునే అర్థాన్ని ఆయన తారుమారు చేసినాడు.

పదకొండవ యేట రుఖ్మాబాయికి దాదాజీ భికాజీ అనే పందొమ్మిదేండ్ల యువకునితో వివాహం జరిగినది. అల్లుడు అత్తవారింటనే ఉండి చదువుకోవాలని ఏర్పాటు. కాని అతడు చదువును విడిచి, మేనమామ యింట చేరి, సోమరియై, అనారోగ్యం పాలైనాడు. బాలిక ఈడేరగానే కాపురానికి పంపడం ఆనాటి ఆచారం. పసిదేహానికి అది కలిగించే హాని యెరిగిన వైద్యుడు గనుక సఖారాం అందుకు సమ్మతించలేదు. రుఖ్మాబాయి యింటిలోనే పుస్తకాలు చదువుకుంటూ పెరిగినది. పెరిగిన కొలది, తాను కోరని ఆ పెండ్లి యెడ ఆమెకు విముఖత దృఢమైనది.

1884లో దాదాజీ భార్యను తన కప్పగించవలసినదని బొంబాయి హైకోర్టులో దావా వేసినాడు. మరుసటి యేడు సఖారాం కన్నుమూసినాడు. ఆ దుఃఖకాలంలోనే ఆమె పేరు దాచి, ఒక హిందూ స్త్రీగా, టైమ్స్ ఆఫ్ ఇండియా పత్రికకు లేఖలు వ్రాసినది. బాల్యవివాహం బాలిక చదువును ఎట్లు త్రుంచివేస్తుందో, దేహాన్నీ మనస్సునూ ఎట్లు క్రుంగదీస్తుందో అందులో వివరించినది.

1885లో న్యాయమూర్తి పిన్హే దావాను కొట్టివేసినాడు. నోరులేని వయస్సులో పెండ్లి చేయబడిన స్త్రీని బలవంతంగా కాపురానికి ఈడ్చడం అమానుషమని ఆయన అభిప్రాయం. ఇట్టి దావా హిందూ ధర్మశాస్త్రంలో లేదనీ, ఇంగ్లండు మతన్యాయస్థానాల నుండి దిగుమతి అయినదనీ ఆయన ఎత్తిచూపినాడు. దేశంలో పెను తుఫాను చెలరేగినది. తిలక్ పత్రికలు ఆ తీర్పును ఖండించినవి. బెహ్రాంజీ మలబారీ వంటి సంస్కర్తలు ఆమె పక్షం వహించినారు. అప్పీలులో కేసు తిరిగి విచారణకు వచ్చినది. 1887 మార్చి 4వ తేదీన న్యాయమూర్తి ఫారన్ ఆమెను భర్త యింటికి పొమ్మన్నాడు. లేకున్న ఆరు మాసాల ఖైదు.

విచిత్రమేమనగా, ఇట్టి నిరాకరణకు ఖైదు విధించడాన్ని ఇంగ్లండు 1884లోనే రద్దు చేసుకున్నది. తన గడ్డపై త్రోసివేసిన సంకెలను పాలితదేశపు స్త్రీ కాలికి తగిలించినది. రుఖ్మాబాయి తడబడలేదు. కాపురం కంటె కారాగారమే మేలని ప్రకటించినది. చివరకు 1888 జులైలో దాదాజీ రెండువేల రూపాయలు పుచ్చుకొని రాజీపడినాడు. ఆమె చెరసాల చూడలేదు. చూడడానికి మాత్రం సిద్ధపడినది.

1889లో ఆమె ఇంగ్లండు వెళ్లి, లండన్ మహిళా వైద్య కళాశాలలో చేరి, 1894లో వైద్యపట్టం పొందినది. బొంబాయి కామా ఆసుపత్రిలోని డాక్టరు ఎడిత్ పీచీ ఆమెకు అండగా నిలిచినది. స్వదేశానికి వచ్చి సూరత్‌లోనూ, పిదప రాజకోటలోనూ స్త్రీల ఆసుపత్రులలో సుమారు మూడున్నర దశాబ్దాలు సేవ చేసినది. పరదా చాటున రోగాలను దాచుకొని మగ వైద్యునికి చూపలేక మగ్గిన స్త్రీలకు ఆమె రాక ప్రాణదానమైనది. 1904లో దాదాజీ మరణించగా ఆమె తెల్లచీర ధరించినది. ఆచారం ఆమెను సైతం పూర్తిగా విడువలేదు. అయినను 1929లో పరదాను రూపుమాపవలెనని పుస్తిక ప్రచురించినది. 1955 సెప్టెంబరు 25వ తేదీన, తొంబదేండ్ల వయస్సులో, దివంగతురాలైనది.

ఆమె కేసు రేపిన చర్చ 1891 నాటి సమ్మతి వయస్సు చట్టానికి ఒక భూమిక అయినది; బాలికల సమ్మతి వయస్సు పది నుండి పన్నెండేండ్లకు పెరిగినది. దాదాపు శతాబ్ది గడచిన పిమ్మట, 1983లో, అదే ప్రశ్న తెలుగునేలకు వచ్చినది. బలవంతపు కాపురం స్త్రీ స్వేచ్ఛకు భంగకరమని ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తి పి. ఎ. చౌదరి ఆ నిబంధనను కొట్టివేసినారు. 1984లో సుప్రీంకోర్టు దానిని తిరిగి నిలబెట్టినది. 2005లో వచ్చిన గృహహింస చట్టం మాత్రం దేహానికీ మనస్సుకూ ఇంటిలో జరిగే గాయాన్ని నేరుగా పేర్కొన్నది.

స్త్రీ ఆరోగ్యం మందుసీసాలో మాత్రమే లేదు. కాదనగల హక్కులోనూ ఉన్నది. రుఖ్మాబాయి మొదట న్యాయస్థానంలో నిలిచి ఆ సత్యాన్ని చాటినది. తరువాత ఆసుపత్రిలో జీవితమంతా దానినే ఆచరించినది.