పౌరుష గ్రంథి కాన్సరుకు కళ్ళెం వేసిన చార్లెస్ హగిన్స్

వయసు మళ్ళిన మగవారు రాత్రిపూట నాలుగైదుసార్లు మూత్రానికి లేవడాన్ని మన పల్లెల్లో ఎవరూ జబ్బుగా లెక్కపెట్టరు. ధార సన్నబడినా, చుక్కలు చుక్కలుగా పడినా ముసలితనంలో ఇవన్నీ మామూలేనని సరిపెట్టుకుంటారు. చాలామంది విషయంలో ఆ మాట నిజమే. మూత్రాశయం దిగువన మూత్రనాళాన్ని చుట్టుకొని ఉండే పౌరుష గ్రంథి, అంటే డాక్టర్లు ప్రోస్టేట్ అని పిలిచే గ్రంథి, వయసుతో పాటు ఉబ్బుతుంది. ఆ ఉబ్బు కాన్సరు కాదు. కాని కొందరిలో అదే గ్రంథిలో కాన్సరు పుట్టి, చాలాకాలం చడీచప్పుడు లేకుండా పెరిగి, వెన్నెముకకూ తుంటి ఎముకలకూ పాకుతుంది. అప్పుడు వచ్చే నడుము నొప్పిని కూడా పొలం పనుల ఫలితమనుకొని తైలం రాసుకుంటూ నెలలు గడిపేవారున్నారు. పెద్దలు రాచపుండు అని భయంతో పలికే వ్యాధి అదేనని తెలిసేసరికి సమయం మించిపోతుంది.

అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి వైద్యుడు హ్యూ యంగ్ 1904లోనే ఈ కాన్సరుకు గ్రంథిని సమూలంగా తొలగించే శస్త్రచికిత్స చేశారు. వ్యాధి గ్రంథి దాటని వారికే అది పనికివచ్చేది. రోగుల్లో ఎక్కువమంది ఎముకలకు పాకిన తర్వాతే వైద్యుని గడప తొక్కేవారు. వారికి నొప్పి తెలియకుండా మార్ఫీను ఇవ్వడం, మూత్రం బంధిస్తే గొట్టం వేయడం తప్ప చేయగలిగింది దాదాపు ఏమీ ఉండేది కాదు. 1941లో ఈ పరిస్థితిని మార్చిన శస్త్రవైద్యుడే చార్లెస్ బ్రెంటన్ హగిన్స్.

హగిన్స్ 1901 సెప్టెంబరు 22న కెనడా దేశపు తూర్పు తీరాన ఉన్న హాలిఫాక్స్ రేవు పట్టణంలో జన్మించారు. తండ్రి మందుల వ్యాపారం చేసే ఫార్మసిస్టు. అకాడియా విశ్వవిద్యాలయంలో 1920లో పట్టం పుచ్చుకొని, అమెరికాలోని హార్వర్డ్ వైద్య కళాశాలలో చేరి 1924లో, అంటే ఇరవై మూడేళ్ళు నిండకముందే, వైద్య పట్టభద్రులయ్యారు. మిచిగన్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో శస్త్రవైద్యం అభ్యసిస్తున్న కాలంలో అక్కడ నర్సుగా ఉన్న మార్గరెట్ వెల్మన్‌తో పరిచయమై, 1927లో వివాహం జరిగింది. అదే సంవత్సరం చికాగో విశ్వవిద్యాలయం కొత్తగా ప్రారంభించిన వైద్య విభాగంలో తొలి అధ్యాపకుల్లో ఒకరుగా చేరారు. మిగిలిన జీవితమంతా దాదాపు చికాగోలోనే గడిచింది.

మూత్రకోశ వ్యాధుల వైద్యం ఆయన కోరి ఎంచుకున్నది కాదు. కొత్త విభాగంలో ఆ శాఖను చూసే వైద్యుడు కావలసి వచ్చింది; శస్త్రవైద్య శాఖాధిపతి డల్లాస్ ఫెమిస్టర్ ఆ బాధ్యతను హగిన్స్‌కు అప్పగించారు. ఆ శాస్త్రంలో ఆయనకు అప్పటికి ఉన్న పరిచయం స్వల్పం. పాఠ్యగ్రంథం ముందు పెట్టుకొని విద్యార్థి పరీక్షకు చదివినట్లు చదివి నేర్చుకున్నారు. పై అధికారి అప్పగించిన పనిని మొక్కుబడిగా చేసుకుపోయేవారు ఎక్కడైనా ఉంటారు. హగిన్స్ ఆ కోవకు చెందినవారు కారు. 1931లో ఐరోపా వెళ్ళి లండన్‌లోని లిస్టర్ సంస్థలో రాబర్ట్ రాబిసన్ వద్ద కొంతకాలం రసాయన పద్ధతులు నేర్చుకొని వచ్చారు. ఎముక గట్టిపడటంలో ఫాస్ఫటేజ్ అనే ఎంజైము పాత్రను పరిశోధించిన శాస్త్రజ్ఞుడు రాబిసన్. ఆ ఎంజైముల పరిచయమే పదేళ్ళ తర్వాత హగిన్స్‌కు అక్కరకు వచ్చింది.

పౌరుష గ్రంథి చేసే పని వీర్యంలో కలిసే ద్రవాన్ని తయారుచేయడం. ఆ ద్రవంలో ఏయే పదార్థాలున్నాయి, ఎంత ఊరుతుంది, దేనివల్ల పెరుగుతుంది, దేనివల్ల తగ్గుతుంది అన్న ప్రశ్నలతో హగిన్స్ కుక్కల మీద ప్రయోగాలు మొదలుపెట్టారు. కుక్కను ఎంచుకోవడానికి కారణముంది. ముసలితనంలో మనిషికి వలెనే ఈ గ్రంథి పెరిగే జంతువులు చాలా అరుదు. వాటిలో కుక్క ఒకటి. 1939 నాటికి ఆయన కుక్కలో ఈ గ్రంథిని మూత్రమార్గం నుంచి వేరుచేసి, ఊరిన ద్రవం మూత్రంతో కలవకుండా నెలల తరబడి సేకరించి కొలిచే శస్త్రపద్ధతిని రూపొందించారు. వృషణాలు తీసివేస్తే ఆ ద్రవం ఊరడం ఆగిపోయి గ్రంథి కుంచించుకుపోయేది. వృషణాలలో తయారయ్యే టెస్టోస్టిరాన్ హార్మోనును సూదిమందుగా ఇస్తే మళ్ళీ ఊరేది. స్త్రీ హార్మోను ఈస్ట్రోజన్ ఇస్తే టెస్టోస్టిరాన్ ప్రభావం అణగిపోయేది. ఈ పరీక్షల మధ్యలో కొన్ని ముసలి కుక్కల గ్రంథుల్లో గడ్డలు కనిపించి లెక్కలు చెడగొట్టాయి. మొదట చికాకు పడినా, హార్మోను ఆగినప్పుడు ఆ గడ్డలు కూడా చిన్నవవుతున్నాయని గమనించాక అటువంటి కుక్కల కోసమే వెదకడం మొదలుపెట్టారు.

కోడెకు విత్తులు కొట్టిస్తే ఎద్దు అవుతుందని, దాని మెడ, మూపు, పొగరు అన్నీ మారతాయని రైతు కుటుంబాలకు ఎవరూ చెప్పనక్కరలేదు. అటువంటి పశువుల్లో పౌరుష గ్రంథి చిన్నదిగా ఉంటుందని స్కాట్లండుకు చెందిన శస్త్రవైద్యుడు జాన్ హంటర్ 18వ శతాబ్దిలోనే గుర్తించారు. 1890వ దశకంలో ఫిలడెల్ఫియాకు చెందిన విలియం వైట్ వంటి వైద్యులు గ్రంథి ఉబ్బి మూత్రం బంధించిన వృద్ధులకు వృషణాలు తొలగించి చూశారు. ఆ పద్ధతి నిలవలేదు. కాన్సరు విషయంలో ఎవరూ దీన్ని ఆలోచించకపోవడానికి కారణం అప్పటి నమ్మకమే. కాన్సరు కణం శరీరానికి లొంగనిదని, దేని అదుపూ లేక తనంత తానుగా పెరుగుతుందని వైద్యులు గట్టిగా విశ్వసించేవారు. పుట్టిన అవయవానికి ఏ హార్మోను ఆహారమో, దానిలోంచి వచ్చిన కాన్సరుకు కూడా అదే ఆహారం కావచ్చునని హగిన్స్ అనుమానించారు.

అనుమానాన్ని రుజువు చేయడానికి కొలబద్ద కావాలి. ఎముకల్లో ఉన్న కాన్సరు పెరుగుతున్నదో తగ్గుతున్నదో కంటితో చూడలేము. పౌరుష గ్రంథిలో ఆసిడ్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము అపారంగా ఉంటుంది. కాన్సరు ఎముకలకు పాకినవారి రక్తంలో అది పెరిగి కనిపిస్తుందని న్యూయార్కులో అలెగ్జాండర్ గట్‌మన్, ఎథెల్ గట్‌మన్ దంపతులు 1938లో ప్రకటించారు. హగిన్స్ తన విద్యార్థి క్లారెన్స్ హాడ్జెస్‌తో కలిసి, వ్యాధి ముదిరిన రోగులకు వృషణాలు తొలగించి, ముందూ తర్వాతా రక్తంలో ఆ ఎంజైమును కొలిచారు. అది వేగంగా పడిపోయింది. ఈస్ట్రోజన్ ఇచ్చినా తగ్గింది. టెస్టోస్టిరాన్ ఇస్తే పెరిగింది. తోక తిప్పినట్లు వ్యాధిని అటూ ఇటూ తిప్పగలగడం కాన్సరు వైద్యంలో అంతకు ముందెన్నడూ లేదు. 1941లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

అంకెల కన్నా రోగుల స్థితి ఎక్కువ చెప్పింది. మంచం మీద కదిలితే కేక పెట్టే మనుషులకు కొన్ని రోజుల్లోనే నొప్పి తగ్గింది. ఆకలి పుట్టింది, బరువు పెరిగింది, కొందరు లేచి నడిచారు. తొలి విడతలోని సుమారు ఇరవైమందిలో నలుగురు పన్నెండేళ్ళకు పైగా జీవించారు. ఎముకలకు పాకిన రోగులకు అది ఊహకందని ఆయుస్సు. ఫలితం తేలిన రాత్రి ప్రయోగశాల నుంచి ఇంటికి మైలు దూరం నడుస్తూ, గుండె దడకు దారిలో రెండు మూడుసార్లు కూర్చోవలసి వచ్చిందని హగిన్స్ వార్ధక్యంలో గుర్తుచేసుకునేవారు.

ఈ చికిత్స విన్న మగవాడు మొదట ఉలిక్కిపడటం సహజం. వృషణాలు తీయించుకోవడమంటే మగతనం వదులుకోవడమని, ఊళ్ళో తలెత్తుకోలేమని అనుకొని, నొప్పినే ఎంచుకున్నవారు ఏ దేశంలోనైనా ఉన్నారు. ఆ వెరపును తేలికగా తీసిపారేయడం న్యాయం కాదు. టెస్టోస్టిరాన్ పోతే కోరిక తగ్గుతుంది, ఒంట్లో వేడి ఆవిర్లు వస్తాయి, ఎముకలు పలచబడతాయి, నీరసం ఉంటుంది. ఇవన్నీ ముందే చెప్పి అడగవలసిన సంగతులు. సరిహద్దు గ్రామాల్లో మరొక చిక్కు కూడా ఉంది. పెద్దాసుపత్రిలో డాక్టరు మాట్లాడేది కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీనో అయినప్పుడు, తాతగారి వెంట దుబాసీగా వెళ్ళేది కోడలో, బడికి వెళ్ళే మనుమడో. మూత్రంలో రక్తం పడుతున్నదని వారి ఎదుట తాత ఎలా చెబుతాడు? కీళ్ళ నొప్పులని చెప్పి మాత్రలు తెచ్చుకుంటాడు. ఈ పనికి వయసు వచ్చిన కొడుకో, సాటి ముసలివాడో తోడు వెళ్ళడం మేలు.

తన చికిత్స వ్యాధిని నిర్మూలించదని హగిన్స్‌కు త్వరలోనే తెలిసివచ్చింది. చాలామందిలో కొన్ని నెలలకో కొన్ని సంవత్సరాలకో కాన్సరు తిరగబెట్టేది. మూత్రపిండాల పైన ఉండే ఎడ్రినల్ గ్రంథులు కూడా కొద్దిపాటి పురుష హార్మోనులను తయారుచేస్తాయి గనుక, అవే మిగిలిన నిప్పురవ్వలని ఆయన భావించి 1945లో వాటిని కూడా తొలగించే సాహసం చేశారు. ఆ గ్రంథులు లేకుండా మనిషి బతకలేడు; వాటి స్థానాన్ని భర్తీచేసే కార్టిసోన్ మందు అప్పటికి అందుబాటులో లేదు. రోగులు నిలవలేదు. హగిన్స్ చరిత్రలో ఇది దాచవలసిన ఘట్టం కాదు, కాని మరచిపోదగినదీ కాదు. కార్టిసోన్ వచ్చిన తర్వాత 1951 ప్రాంతంలో మళ్ళీ ప్రయత్నించినప్పుడు పౌరుష గ్రంథి రోగుల కన్నా రొమ్ము కాన్సరు స్త్రీలలో కొందరికి ఎక్కువ మేలు కనిపించింది. ఈస్ట్రోజన్ మాత్రల కథ కూడా పూర్తిగా శుభం కాలేదు. స్టిల్‌బెస్ట్రాల్ అనే కృత్రిమ ఈస్ట్రోజన్‌ను రోజుకు 5 మిల్లీగ్రాముల మోతాదున వాడినవారిలో గుండె, రక్తనాళాల జబ్బులతో మరణాలు పెరిగాయని అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల పరిశీలన 1960వ దశకంలో బయటపెట్టింది.

అలబామా రాష్ట్రపు మొబైల్ పట్టణానికి చెందిన కలప వ్యాపారి బెన్ మే ఇచ్చిన విరాళంతో 1951లో చికాగోలో ఆయన పేరిట కాన్సరు పరిశోధనశాల ఏర్పడింది. 1969 వరకు దానికి హగిన్సే సంచాలకులు. రొమ్ము కాన్సరు కణాల్లో ఈస్ట్రోజన్‌ను పట్టుకునే గ్రాహకాన్ని ఎల్‌వుడ్ జెన్సన్ కనుగొన్నది అక్కడే. పెద్ద గుంపులతో పరిశోధన సాగదని హగిన్స్ నమ్మకం. ఒకరిద్దరు సహాయకులతో తానే స్వయంగా చేతులతో పనిచేసేవారు. 1966లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి ఆయనకూ పేటన్ రౌస్‌కూ కలిపి లభించింది. కోళ్ళలో కాన్సరు కలిగించే వైరస్‌ను 1911లో కనుగొన్న రౌస్ ఆ గౌరవం కోసం 55 ఏళ్ళు వేచి ఉండవలసి వచ్చింది. హగిన్స్ వేచినది పాతికేళ్ళే.

ఆ తర్వాతి తరం ఆయన దారినే నడిచింది. మెదడు దిగువ నుంచి వృషణాలకు ఆజ్ఞలు పంపే హార్మోను నిర్మాణాన్ని ఛేదించిన ఆండ్రూ షాలీ, రోజర్ గిమే 1977లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. దాని ఆధారంగా తయారైన సూదిమందులు 1980వ దశకం నుంచి కత్తి అవసరం లేకుండానే టెస్టోస్టిరాన్‌ను అడుగంటించాయి. అయినా ఖర్చు తక్కువ, ఒక్కసారితో పూర్తవుతుంది గనుక హగిన్స్ నాటి శస్త్రచికిత్సను మన దేశంలో నేటికీ చాలామంది ఎంచుకుంటారు. ఎడ్రినల్ గ్రంథులపై ఆయన పెట్టిన గురి కూడా వృథా పోలేదు. శరీరంలో ఎక్కడా పురుష హార్మోను తయారు కాకుండా అడ్డే అబిరటెరోన్ మాత్రలకు అమెరికాలో 2011లో అనుమతి వచ్చింది.

గుర్తింపులో ఆసిడ్ ఫాస్ఫటేజ్ స్థానాన్ని పి.ఎస్.ఎ. అనే మరొక పదార్థపు రక్తపరీక్ష ఆక్రమించింది. అమెరికాలో దాన్ని 1986లో చికిత్స ఫలితాన్ని కనిపెట్టి ఉండటానికీ, 1994లో వ్యాధిని కనుగొనడానికీ అనుమతించారు. ఈ పరీక్షలో అంకె పెరిగితే కాన్సరే అని హడలిపోనక్కరలేదు. మామూలు ఉబ్బులోను, గ్రంథికి చీము పట్టినప్పుడు కూడా పెరుగుతుంది. డాక్టరు మలద్వారం గుండా వేలితో గ్రంథిని తడిమి చూసి, అవసరమైతే సూదితో ముక్క తీసి పరీక్షకు పంపాకే నిర్ధారణ అవుతుంది. కాన్సరని తేలినా కొందరిలో అది నత్తనడకన పెరిగే రకం. అటువంటివారిని వెంటనే కోయకుండా పరీక్షలతో కనిపెట్టి ఉండటమూ ఒక వైద్యవిధానమే. గ్రంథి దాటని కాన్సరుకు శస్త్రచికిత్స, రేడియేషన్ ఉన్నాయి. దాటి ఎముకలకు చేరినవారికే హగిన్స్ మార్గం ప్రధానం.

హగిన్స్ 1972 నుంచి 1979 వరకు తాను చదివిన అకాడియా విశ్వవిద్యాలయానికి చాన్సలరుగా గౌరవింపబడ్డారు. కుమారుడు కూడా శస్త్రవైద్యుడే. 1983లో మార్గరెట్ మరణించారు. సంచాలక పదవి వదిలిన తర్వాత కూడా ఆయన ప్రయోగశాలను వదలలేదు. 1997 జనవరి 12న చికాగోలో 95వ ఏట కన్నుమూశారు. జనవరి 12 తెలుగువారికి మరొక విధంగా గుర్తుండే తేదీ. మరో దారిన, కాన్సరు కణాల పెరుగుదలను అడ్డే మందుల తయారీకి అమెరికాలోనే పాటుపడిన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో పుట్టినది అదే రోజున. ఆయనకు హగిన్స్ పొందిన ఆయుస్సులో సగానికి కొంచెమే ఎక్కువ దక్కింది. 1948లో, 53 ఏళ్ళకే వెళ్ళిపోయారు.