సింగారవేలు: ధర్మచర్చ నుండి శ్రామికుని చెంతకు

భారతదేశంలో మే దినోత్సవం తొలిసారిగా జరిగింది మద్రాసు నగరంలో. 1923 మే 1వ తేదీన అక్కడి సముద్రతీరంలో రెండుచోట్ల సభలు జరిగాయి. ఒకటి హైకోర్టుకు ఎదురుగా, మరొకటి ట్రిప్లికేన్ తీరాన. ఆ సభలను ఏర్పాటు చేసిన మలయపురం సింగారవేలు గారికి అప్పటికి 63 ఏండ్లు. శ్రామికోద్యమ చరిత్ర చదివినవారికి ఆయన పేరు సుపరిచితమే. అయితే అంతకు ఎంతో ముందే ఆయన తన ఇంటిని బౌద్ధ ధర్మచర్చలకు వేదిక చేశారన్న సంగతి మన ధర్మబంధువులలో పలువురికి తెలియదు. అందుకే ఈ స్మారక సంచికలో ఆయన జీవితాన్ని స్మరించదలచాము.

సింగారవేలు గారు 1860 ఫిబ్రవరి 18న మద్రాసులో ఒక మత్స్యకార కుటుంబంలో జన్మించారు. సముద్రంపై బ్రతికే జనుల కష్టం ఆయనకు పుస్తకాల వలన తెలిసినది కాదు, కంటి ఎదుట చూసినది. క్రిస్టియన్ కళాశాలలోను, ప్రెసిడెన్సీ కళాశాలలోను చదివి పట్టభద్రులైనారు. ఆ పిమ్మట న్యాయశాస్త్రం అభ్యసించి, 1907లో, 47వ ఏట, మద్రాసు హైకోర్టులో న్యాయవాదిగా చేరారు. పుస్తకాలపై ఆయనకు గల మక్కువ అపారం. ఆయన సేకరించిన గ్రంథాలయం ఆ నగరంలోని గొప్ప స్వంత గ్రంథాలయాలలో ఒకటిగా పేరొందింది.

ఆ రోజులలో మద్రాసులో బౌద్ధం మరల చిగురించసాగింది. 1898లో పండిత అయోధిదాసు గారు శాక్య బౌద్ధ సంఘాన్ని నెలకొల్పారు. మహాబోధి సంఘం పక్షాన ఆచార్య లక్ష్మీనరసు గారు, సింగారవేలు గారు మొదలైనవారు కృషి చేశారు. లక్ష్మీనరసు గారు 1907లో బౌద్ధసారంపై వెలువరించిన ఆంగ్ల గ్రంథానికి 1948లో బాబాసాహెబ్ అంబేడ్కర్ గారే పీఠిక వ్రాసి పునర్ముద్రణ చేయించారు. ఈ ఇద్దరు మిత్రులకు బుద్ధుడు పూజామందిరపు విగ్రహం కాడు. దేనినైనా పరీక్షించి గ్రహించమన్న గురువు. జన్మచేత ఎవడూ అధముడు కాడన్న బోధ, కార్యకారణ విచారం సింగారవేలు గారి మనస్సులో ఆనాడే నాటుకొన్నాయి.

1921లో సహాయనిరాకరణోద్యమం వచ్చినపుడు ఆయన తన న్యాయవాది గౌనును బహిరంగంగా దగ్ధం చేసి వృత్తిని త్యజించారు. అయినా ఆయన కాంగ్రెసును అనుసరించింది కళ్లు మూసుకొని కాదు. అదే ఏడాది గాంధీగారికి బహిరంగలేఖ వ్రాసి, స్వరాజ్యమంటే పొలం దున్నేవానికీ మిల్లులో పనిచేసేవానికీ ఒరిగేదేమిటన్న ప్రశ్నను ముందుకు తెచ్చారు. 1922 డిసెంబరులో జరిగిన గయ కాంగ్రెసు మహాసభలో తాను కమ్యూనిస్టునని ప్రకటించి, శ్రామికుల సమస్యలను జాతీయోద్యమం తనవిగా స్వీకరించాలని వాదించారు.

ఇక్కడ మేము ఒక చేదు ఘట్టాన్ని దాటవేయజాలము. 1921లో మద్రాసులోని బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లులలో పెద్ద సమ్మె సాగింది. సింగారవేలు గారు సమ్మెదారుల పక్షాన నిలిచారు. కాని మిల్లులోని ఆది ద్రావిడ కార్మికులు అధికసంఖ్యలో పనికి వెళ్లారు. ఫలితంగా పులియంతోపు ప్రాంతంలో కొట్లాటలు చెలరేగి, గుడిసెలు తగులబడి, పోలీసు కాల్పులలో ప్రాణాలు పోయాయి. పనికి వెళ్లినవారిని ద్రోహులనడం సులువు. కాని ఒకే యంత్రం వద్ద పనిచేసినా ఒకే బావిలో నీరు తోడుకోనీయని వానిని, ఆపదలో మాత్రం సోదరా అని పిలిస్తే అతడు ఎట్లా నమ్ముతాడు? కులాన్ని పక్కనపెట్టిన శ్రామిక ఐక్యత ఎంత పెళుసైనదో ఆ సమ్మె తెలియజెప్పింది. చరిత్ర బోధించే మేము ఏటా తరగతిలో ఈ ఘట్టం వద్ద కొంతసేపు ఆగుతాము.

1923 మే దినోత్సవ సభలలోనే సింగారవేలు గారు హిందుస్థాన్ లేబర్ కిసాన్ పార్టీని ప్రారంభించారు. ఆంగ్లంలోను తమిళంలోను పత్రికలు నడిపారు. 1924 నాటి కాన్పూరు కుట్రకేసులో ప్రభుత్వం ఆయన పేరునూ చేర్చింది. అనారోగ్యం కారణంగా ఆయనపై విచారణ సాగలేదు. మరుసటి ఏడాది డిసెంబరులో అదే కాన్పూరులో జరిగిన తొలి కమ్యూనిస్టు మహాసభకు ఆయనే అధ్యక్షత వహించారు. 1928లో దక్షిణ ఇండియా రైల్వే కార్మికులు ఉద్యోగాల కోతకు వ్యతిరేకంగా సమ్మె చేసినపుడు, దాదాపు డెబ్బది ఏండ్ల ముసలితనంలో ఆయనకు పదేండ్ల కారాగారశిక్ష పడింది. అప్పీలులో శిక్ష తగ్గి 1930లో విడుదలైనారు. అటుపిమ్మట పెరియార్ రామస్వామి గారి ఆత్మగౌరవోద్యమంతో కలిసి నడిచి, సామాన్యులకు అర్థమయ్యే తమిళంలో విజ్ఞానశాస్త్ర వ్యాసాలు వ్రాశారు. 1946 ఫిబ్రవరి 11న కన్నుమూశారు.

తుదిదశలో సింగారవేలు గారు భౌతికవాది. ఏ మతాన్నీ అంగీకరించలేదు. ఈ సత్యాన్ని మరుగుపరచి ఆయనను కేవలం మనవానిగా చెప్పుకోవడం న్యాయం కాదు. అట్లని ఆయన నడిచిన మొదటి అడుగులను మరచిపోవడమూ తగదు. సిగాలోవాద సుత్తంలో తథాగతుడు యజమాని ధర్మాలను చెప్పాడు: శక్తికి తగిన పని అప్పగించాలి, తిండీ కూలీ ఇవ్వాలి, జబ్బు చేస్తే చూడాలి, రుచిగల పదార్థాన్ని పంచుకోవాలి, తగు సమయాన సెలవు ఇవ్వాలి. సింగారవేలు గారు సమ్మెలలో కోరినది ఇంతకన్నా భిన్నమా? ఒక్క తేడా ఉంది. బుద్ధుడు యజమానికి కర్తవ్యంగా చెప్పినదానిని ఆయన కార్మికుని హక్కుగా అడిగారు.

ఆయన గతించిన 1946లోనే, కార్మికశాఖను నిర్వహించిన అంబేడ్కర్ గారి చొరవతో ఫ్యాక్టరీల పనివేళలను వారానికి 48 గంటలకు తగ్గించే సవరణ చట్టమైంది. పదేండ్లకు అదే అంబేడ్కర్ గారు నాగపూరులో దీక్ష స్వీకరించారు. ఒకరు ధర్మం నుండి శ్రామికోద్యమానికి నడిచారు. మరొకరు శ్రామికుల హక్కులకై పోరాడి ధర్మాన్ని చేరారు. రెండు దారులూ కలిసేచోట మన విహారాలు ఉండాలి. వైశాఖ పూర్ణిమకు దీపాలు వెలిగించే మన చేతులు, మురుగుకాలువలో దిగే పారిశుద్ధ్య కార్మికుని కొరకు ఒక అర్జీ అయినా వ్రాయగలిగిన నాడు, సింగారవేలు గారిని స్మరించే అర్హత మనకు కలుగుతుంది.