సెల్లార్‌లోకి వచ్చిన వాన నీరు ఎవరి బాధ్యత? మోక్షగుండం కథ చదవండి

గంట వానకే మీ అపార్ట్‌మెంట్ సెల్లార్ మునిగిందా? మున్సిపాలిటీని తిట్టుకునే ముందు ఒక ఇంజనీర్ గురించి తెలుసుకోండి. ఏటా సెప్టెంబర్ 15న ఇంజనీర్స్ డే చేసుకునేది ఆయన పుట్టినరోజునే. మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

ఇంటిపేరు మన బేస్తవారిపేట దగ్గరి ఊరిది. పుట్టింది మాత్రం కర్ణాటకలోని ముద్దెనహళ్లిలో. చిన్నతనంలోనే తండ్రి పోయారు. ట్యూషన్లు చెప్పుకుంటూ బెంగళూరులో డిగ్రీ చదివారు, పుణెలో ఇంజనీరయ్యారు. 1884లో బొంబాయి ప్రభుత్వ ఉద్యోగంలో చేరారు. ఖడక్‌వాస్లా జలాశయానికి, నీటిమట్టాన్ని బట్టి వాటంతటవే తెరుచుకునే గేట్లు అమర్చి పేరు తెచ్చుకున్నారు.

1908 సెప్టెంబర్ 28న మూసీ హైదరాబాద్‌ను ముంచింది. వేల మంది చనిపోయారు. అప్పుడు విదేశాల్లో ఉన్న విశ్వేశ్వరయ్యను నిజాం ప్రభుత్వం పిలిపించింది. 1909లో వచ్చిన ఆయన నగరంతో సరిపెట్టుకోలేదు, ఎగువన ఉన్న చెరువులన్నీ లెక్క తీయించారు. మొత్తం 788. వాటిలో 221 తెగిపోయాయి. విడివిడిగా చూస్తే ఒక్కో చెరువూ ఒక్కో ఊరి చిన్న వ్యవహారమే. వరుసగా తెగేసరికి ఆ నీళ్లన్నీ కలిసి నగరం మీద పడ్డాయి.

ఆయన చెప్పిన మందు పెద్దదే. వరదను పట్టి ఉంచి మెల్లగా వదిలే రెండు జలాశయాలు. అవి ఏ ఇంటి యజమానీ కట్టగలిగేవి కావు కాబట్టి ప్రభుత్వమే కట్టింది. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. నగర మురుగు పారుదలకూ ఆయనే ప్రణాళిక ఇచ్చారు. ఆ తర్వాత మైసూరు దివాన్ అయ్యారు, 1955లో భారతరత్న అందుకున్నారు. 1962లో కన్నుమూసేనాటికి ఆయనకు వందేళ్లు నిండాయి.

మరి మీ సెల్లార్ సంగతి? ఆ జలాశయాలు ఆపేది నది వరదను. మీ డాబా మీద పడిన వానను కాదు. అది 2002 నాటి వాల్టా చట్టం పరిధిలోకి వస్తుంది. 200 చదరపు మీటర్లు, అంతకు మించిన స్థలాల్లో వాన నీటిని ఇంకించే ఏర్పాటు యజమానే చేయాలని అధికారులు ఆదేశించవచ్చు. చేయకపోతే వాళ్లే కట్టించి ఖర్చు మీ దగ్గర వసూలు చేసుకోవచ్చు. వీధి కాలువ, నాలా మాత్రం మున్సిపాలిటీవే.

చిక్కంతా మధ్యలో ఉంది. గేటు లోపలి కాలువ బయటి కాలువలో కలిసే చోట పూడిక ఎవరు తీయాలి? బిల్డర్ ఆ కాలువను ఎవరికి అప్పగించారు? ఈసారి అసోసియేషన్ మీటింగ్‌లో ఆ కాగితాలు చూపించమనండి. ఇంకుడు గుంతలో కంకర చివరిసారి ఎప్పుడు కడిగించారో కూడా అడగండి.